హిందా కూతురు

శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి సఫెద్ ఊళ్ళో సబ్బాతు దీపాలు వెలిగిస్తారు. ఆ లోపల పూర్తి చేయాలని ఇన్‌స్పెక్టర్ యాఫా దహాన్ పొద్దున్నే తన చిన్న పుస్తకంలో రాసుకున్న పనులు ఇవి:

గిటా రోజ్నర్ బసచేసిన గది మళ్ళీ చూడాలి.
ఆమె నోటుబుక్కు చివరి పేజీ ఇంకోసారి చదవాలి.
బుధవారం పొద్దున ఆమె వెళ్ళిన ప్రార్థన మందిరంలో ఫైవెల్ గారితో మాట్లాడాలి.
హైఫాలో ఉన్న మేనకోడలికి ఫోను.
గిడోన్ హర్పాజ్ సంతకం పెట్టకుండా ఆపాలి.
అమ్మకి రెండు రొట్టెలు.
పొడి సాక్సులు.

మధ్యాహ్నం రెండుంబావుకి మొదటి రెండూ అయ్యాయి. సాక్సులు మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయి.

గిటా రోజ్నర్‌కి అరవై ఏడేళ్ళు. హైఫాలో బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. అప్పటినుంచీ చేతిలో బైబిలు, భుజాన సంచీ, ఒక చేతికర్రతో, ఆ పుస్తకంలో పేరున్న ప్రతి చోటికీ నడిచివెళ్ళి చూసిరావడమే ఆమె పని. ఏ మాట ఎక్కడ జరిగిందని రాసి ఉంటే అక్కడే కూర్చుని ఆ మాట చదువుకునేది. బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకి బసలోంచి బయటికి వెళ్ళింది. తిరిగి రాలేదు. గురువారం ఉదయం తొమ్మిదీ పదికి బస నడిపే ఆవిడ స్టేషన్‌కి ఫోన్ చేసింది. పదిన్నరకి అమూద్ లోయ అంచున చేతికర్ర దొరికింది.

ఆ కర్ర దొరికిన దగ్గర్నుంచీ, జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన సీనియర్ ఇన్‌స్పెక్టర్ గిడోన్ హర్పాజ్‌కి ఇంకో ఆలోచన లేదు. పొగమంచులో దారి కనపడక లోయలో పడిపోయింది. రెండు రాత్రుల చలి. బతికి ఉండే మాట లేదు. ఇక వెతకవలసింది మనిషిని కాదు, శవాన్ని.

మనిషా, శవమా అన్న ఒక్క మాట మీదే అంతా ఆగి ఉంది. లోయలో వెతుకుతున్న నలభైమందీ నియమం తప్పని యూదులు. దీపాలు వెలిగినప్పటినుంచీ శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, ఏ పనీ ముట్టకూడదు. ప్రాణమున్న మనిషి కోసమైతే సబ్బాతును మీరవచ్చు. మీరి తీరాలి, మీరకపోతేనే పాపం. శవం కోసం మీరకూడదు. హర్పాజ్ కాగితం మీద శవమని రాసి సంతకం పెడితే నాలుగూ పదికి నలభైమందీ ఇళ్ళకి పోతారు. మళ్ళీ లోయలోకి దిగేది ఆదివారం పొద్దున. ఇప్పుడు ఆమె ఎక్కడైనా ఊపిరితో ఉంటే, అప్పటికి ఉండదు.

యాఫా మందిరం వైపు మెట్లు దిగుతుంటే మంచు ఆమెతో పాటే దిగింది. ముందున్న మెట్టు కనపడుతుంది, దాని తరవాతిది ఉందని నమ్మి కాలు వెయ్యాలి. నిన్న పొద్దున్నుంచీ కన్ను మూయలేదు. ఎవరో పక్కనే నడుస్తూ మెల్లగా చదువుతున్నట్టుంది. ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలుసు. నోటుబుక్కులో ఆఖరి పేజీది.

“సఫెద్, బుధవారం మధ్యాహ్నం. ఈ మంచు గదిలోకి కూడా వస్తోంది. పొద్దున యాయేలు గోరీకి వెళ్ళాను. నీళ్ళడిగిన సేనాపతికి పాలిచ్చి, నిద్రపోయాక కణతలో గుడారపు మేకు దిగగొట్టిన మనిషి ఇంత చిన్న గదిలో పడుకుంటుందా? కళ్ళు మూసుకుంటే పాల వాసన వచ్చింది. కళ్ళు తెరిస్తే రాతి మీద ఉలి గాట్లు, తెల్లగా. మూడేళ్ళకి మించినవి కావు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ముందు అక్కడి మనిషినే అడగడం మర్యాద. భోంచేసి మళ్ళీ వెళతాను.”

ఆ గోరీని చూసుకునేది ఎల్యాకిం షోర్. గురువారం యాఫా అతన్ని అడిగింది. పొద్దున వచ్చిందన్నాడు, మధ్యాహ్నం రాలేదన్నాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. వెతికే జట్టుకి పెద్ద కూడా అతనే. రెండు రోజులుగా లోయలో అతని గొంతే అందరికన్నా గట్టిగా వినిపిస్తోంది.

ఫైవెల్ గారు స్టూలు ఎక్కి, సబ్బాతు రోజు స్విచ్చి ముట్టకూడదు గనక, దీపాలు వాటంతటవే ఆరడానికి వాటికి కలిపిన గోడ గడియారం ముల్లు సరిచేస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఆ మందిరం తాళాలు ఆయన నడుముకే ఉన్నాయి. ఊళ్ళో అందరూ ఆయన్ని గౌరవంగా రెబ్ అని పిలుస్తారు.

“ఆడవాళ్ళ గది పైన అమ్మాయ్. తడి బూట్లతో ఎక్కకు, ఇప్పుడే తుడిచాను.”

“నేను ప్రార్థనకి రాలేదు రెబ్ ఫైవెల్. పోలీసు.”

“పోలీసులకీ బూట్లు తడుస్తాయి కదా.” ఆయన స్టూలు దిగారు. “ఆ పంతులమ్మ గురించేనా? ఎత్తుగా ఉన్న పెద్దమనిషి ఒకాయన నిన్న వచ్చి అడిగాడు. ఆమె ఇక్కడికి వచ్చిందా అన్నాడు. వచ్చిందన్నాను. ఎప్పుడన్నాడు. బుధవారం పొద్దునన్నాను. వెళ్ళిపోయాడు.”

“ఇంకేమీ చెప్పలేదా మీరు?”

“ఇంకేమీ అడగలేదు కదా.”

యాఫా బూట్లు విప్పి గడప పక్కన పెట్టింది. అది చూసి ఆయన కొంచెం మెత్తబడ్డారు.

“బుధవారం ఆమె మిమ్మల్ని ఏమడిగింది?”

“యాయేలు గోరీ ఎంత పాతదని. మూడేళ్ళని చెప్పాను.”

“అంత మాట తేలిగ్గా చెప్పేశారా?”

“దాచడానికేముంది? ఎల్యాకింకి కల వచ్చింది. ఒక ఆడమనిషి పాలగిన్నె పట్టుకుని ఆ రాళ్ళ గుట్ట మీద నిలబడి ‘నేనిక్కడున్నాను, నా మీద కప్పు లేదు’ అందట. తెల్లారి వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాడు. గది కట్టాడు, నీలం పూశాడు. కల కన్నవాడిని తప్పుపట్టడం ఎలాగమ్మా? ఈ ఊళ్ళో సగం సమాధులు ఎవరో ఒకరి కలలోంచి లేచినవే.”

“కానీ ఆ రాయి మీద పేరు పాతకాలపు అక్షరాల్లో ఉంది. అది కూడా కలలోంచి లేచిందా?”

ఫైవెల్ గారు గడ్డం లోపల వేళ్ళు పోనిచ్చి గోడ గడియారం చూశారు.

“అది చెక్కకుండా ఉండాల్సింది,” అన్నారు చివరికి. “కల చాలు. కలకి సాక్ష్యం కావాలనుకున్నాడు చూడు, అక్కడ చెడింది. పిల్లలు లేనివాళ్ళు వస్తున్నారు. పెళ్ళికాని వాళ్ళు వస్తున్నారు. నిజంగానే కొందరికి మేలు జరిగింది. ఆ రాయి అబద్ధమని ఎవరైనా రాస్తే, ఎల్యాకిం ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేడు. వాడికి అది గోరీ కాదు, ప్రాణం.”

యాఫా మందిరం మధ్యనున్న ఎత్తు బల్ల దగ్గరికి వెళ్ళింది. తోరా ధర్మగ్రంథపు చుట్టను విప్పి చదివే బల్ల అది. ముఖమల్ గుడ్డ అంచు కింద ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. మూత తీసింది. నిండా మడతలు పెట్టిన చీటీలు.

“అవి ముట్టుకోకు,” అన్నారు ఫైవెల్ గారు. “జబ్బు మనుషుల పేర్లు. తోరా చదివే రోజున ఒక్కొక్కటీ పైకి చదివి, స్వస్థత కలగాలని అడుగుతాను. సోమవారం, గురువారం, సబ్బాతు.”

“పోయినవాళ్ళవి?”

“వాళ్ళవి నా పుస్తకంలో. వాళ్ళతో వీళ్ళని కలపను.”

చీటీలు చాలావరకు మాసి, మడతల దగ్గర చిరుగుపట్టి ఉన్నాయి. నెలల తరబడి చదివి చదివి పెట్టినవి. ఒకటి మాత్రం ఒకే మడత. ఒక అంచు తడిసి ఆరి ముడుచుకుంది, మూల మీద బొటనవేలంత నీలి సున్నం. యాఫా దాన్ని గోటితో విప్పింది.

‘గిటల్, హిందా కూతురు.’

ఆమె ఆ చీటీని చూస్తూ నిలబడిపోయింది. మంచు కిటికీకి ఆనుకుని లోపలికి చూస్తున్నట్టుంది. గిటల్ అంటే గిటాయే కావచ్చు. కానీ గిటా గుర్తింపు కార్డు మీద తల్లి పేరు హెలెనా. గోడలమీద అంటించిన పోలీసు నోటీసులో ఉన్నది తండ్రి పేరు, మెనాహెం. హిందా ఎవరు?

వెనక తలుపు కిర్రుమంది. గిడోన్ హర్పాజ్ తల వంచుకుని లోపలికి వచ్చాడు. ఎత్తు మనిషి. వట్టి తల. మందిరంలో మగవాళ్ళు తల కప్పుకోవాలి గనక, ఫైవెల్ గారు మేకుకి వేలాడుతున్న అట్ట టోపీ తీసి అతని చేతిలో పెట్టారు. హర్పాజ్ దాన్ని ఒక క్షణం చూసి నెత్తిన పెట్టుకున్నాడు. ఐస్‌క్రీం అమ్మేవాడిలా కనిపించాడు.

“ఇక్కడున్నావా యాఫా. బయట నలభైమంది తడిసి ముద్దవుతుంటే నువ్వు బిస్కెట్లు వెతుక్కుంటున్నావా?”

“గిడోన్, సంతకం పెట్టావా?”

“మూడున్నరకి పెడతాను. పాపం, వాళ్ళు స్నానాలు చేసుకోవాలి కదా.” చీటీ మీద కళ్ళు పడ్డాయి. “ఏమిటది?”

చదివి చూపించింది. హర్పాజ్ ముఖంలో తృప్తి కనిపించింది.

“అయితే నా మాటే నిజం. ఆమె పేరు మీద ప్రార్థన చేయించారంటే, పోయిందని ఎవరికో తెలుసన్నమాట.”

“కిబ్బుట్జ్ ఉమ్మడి పొలాల్లో పెరిగితే ఇదే బాధ,” అంది యాఫా. “ఆవుల పేర్లు తెలుస్తాయి, మనుషుల పేర్లు తెలియవు.”

“మా ఆవులకి ఇంతకన్నా తెలివి ఉంది. చెప్పేదేదో సూటిగా చెప్పు.”

“ఈ మందిరంలో పోయినవాళ్ళని తండ్రి పేరుతో తలుస్తారు. జబ్బుపడ్డవాళ్ళని తల్లి పేరుతో. ఇది తల్లి పేరు.”

హర్పాజ్ ఫైవెల్ గారి వైపు తిరిగాడు. ఆయన తలాడించారు.

“బతికున్నవాడి కోసం దయ అడుగుతాం బాబూ. దయ అడిగేటప్పుడు తల్లి పేరే చెప్పాలి. పోయాక అడగడానికేముంది?”

“ఈ గిటల్ వేరే గిటల్ అయి ఉండొచ్చు. కార్డులో తల్లి పేరు హెలెనా.”

“ఫోనుందా రెబ్ ఫైవెల్?”

వెనక గదిలో, పాత ప్రార్థన పుస్తకాల కట్టల మధ్య నల్ల ఫోను ఉంది. హైఫా లైను కలవడానికి మూడుసార్లు తిప్పవలసి వచ్చింది. మేనకోడలు ద్రోరా మొదటి మోతకే ఎత్తింది. ఫోను పక్కనుంచి లేవలేదేమో.

“దొరికిందా మా అత్తయ్య?”

“ఇంకా లేదమ్మా. ఒక్క మాట అడగాలి. మీ నాయనమ్మ పేరేమిటి?”

“హెలెనా.”

“ఇంట్లో ఏమని పిలిచేవారు?”

“ఇంట్లో హిందా. కాగితాల మీద ఎక్కడా లేదు. బుడాపెస్ట్‌లో ఆ ఇంట్లోంచి బతికి బయటపడింది అత్తయ్యా, మా నాన్నా ఇద్దరే. నాన్న పోయారు. ఇప్పుడు ఆ పేరు తెలిసింది అత్తయ్యకీ నాకూ మాత్రమే. మీకెవరు చెప్పారు?”

యాఫా మొదటినుంచీ ఫోనును హర్పాజ్‌కి కూడా వినపడేలా పట్టుకుంది. అతను ఆఖరి మాట దాకా విన్నాడు. ఫోను పెట్టేశాక కూడా వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అతను హర్పాజ్ కాడు.

“బుధవారం పొద్దున ఎవరితోనో మాటల్లో చెప్పి ఉంటుంది.”

“బుధవారం పొద్దున ఆమె గుండ్రాయిలా ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి స్వస్థత కావాలని ఎవరు చీటీ రాస్తారు? రెబ్ ఫైవెల్, ఈ పేరు మొదటిసారి ఎప్పుడు చదివారు?”

“గురువారం పొద్దున ప్రార్థనలో. ఆరున్నర, ఆరూ నలభై.”

“గిడోన్, ఆమె కనపడటం లేదని మనకి ఫోనొచ్చింది ఎప్పుడు?”

తొమ్మిదీ పది అని అతనికీ తెలుసు.

“ఊళ్ళో ఆమె తప్పిపోయిందని ఎవరికీ తెలియకముందే, ఆమెకి బాగోలేదని ఒకరికి తెలుసు. ఆమె పక్కన కూర్చుని, మీ అమ్మ పేరేమిటని అడిగారు. ఆమె చెప్పింది. కాగితం మీది పేరు కాదు, ఇంట్లో పేరు చెప్పింది. ఒంట్లో బాగోనప్పుడు మనిషికి ఆ పేరే గుర్తొస్తుంది. అంటే స్పృహలో ఉంది. మాట్లాడుతోంది.”

“మరి చేతికర్ర?”

“నీ రిపోర్టులో నువ్వే రాశావు. కర్రకున్న తోలుపట్టీ పొడిగా ఉందని. బుధవారం సాయంత్రం ఐదు నుంచి గురువారం తెల్లవారుజాము నాలుగింటి దాకా వాన. బుధవారం పడిన కర్ర అయితే ఆ పట్టీ నీళ్ళు కారుతుండాలి.”

“గాలికి ఆరింది.”

“ఈ మంచులోనా? నా సాక్సులు నిన్నటినుంచీ ఆరలేదు.”

హర్పాజ్ నెత్తిమీది అట్ట టోపీ సర్దుకున్నాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“ఆ కర్ర దొరికిందని నాకు తెచ్చి ఇచ్చింది…” అని ఆగాడు.

“ఎవరు తెచ్చారో నాకూ తెలుసు. కానీ నేను చెబితే నువ్వు నమ్మవు. ఆయన నోటితో వినాలి.” యాఫా ఫైవెల్ గారి ముందు నిలబడింది. “ఈ చీటీ మీకెవరిచ్చారు?”

ముసలాయన తల అడ్డంగా ఊపారు. “ప్రార్థన అడిగినవాడి పేరు చెప్పకూడదు తల్లీ. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. పెళ్ళాలు వచ్చి అడిగినా చెప్పలేదు.”

“ప్రాణం మీదికి వచ్చినప్పుడు సబ్బాతే పక్కకి తప్పుకుంటుంది. మీ మాట తప్పుకోదా?”

ఆయన ఎత్తు బల్ల అంచు పట్టుకున్నారు. బయట ఎవరో ఇంటి గుమ్మం కడుగుతున్న చప్పుడు, ఎక్కడినుంచో తెలియకుండా వచ్చి మంచులో కలిసిపోయింది.

“ఎల్యాకిం,” అన్నారు. “గురువారం పొద్దున అందరికన్నా ముందే వచ్చాడు. గడ్డం ఇంకా వానకి తడిసే ఉంది. ఏడుస్తున్నాడు. ‘బాగా చదవండి రెబ్ ఫైవెల్, మనసు పెట్టి చదవండి’ అన్నాడు. ఎవరైనా బంధువేమో అనుకున్నాను. నేను మనసు పెట్టే చదివాను.”

హర్పాజ్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. రెండు రోజులుగా ఏ జట్టు ఎటు వెళ్ళాలో ఎల్యాకిం వేలు చూపిస్తుంటే తను తలాడిస్తూ వచ్చాడు. తూర్పు వైపు గోరీలూ గుహలూ నేనే స్వయంగా చూశానని ఎల్యాకిం చెబితే, పటం మీద వాటిని కొట్టేసింది కూడా తనే.

“చంపాలనుకున్నవాడు ప్రార్థన చేయిస్తాడా?” అన్నాడు మెల్లగా.

“చంపాలనుకోలేదు. మాటామాటా పెరిగి ఉంటుంది, తోసి ఉంటాడు, దెబ్బ తగిలి ఉంటుంది. పంపించేస్తే గోరీ పోతుంది. పంపించకపోతే ఆమె పోతుంది. రెండూ చేతకాక దేవుడి మీద వదిలాడు.” యాఫా బూట్లు వేసుకుంటోంది. “బతికే ఉంది గిడోన్. ఆ కాగితం చింపెయ్.”

హర్పాజ్ జేబులోంచి కాగితం తీసి నిజంగానే చింపాడు. యాఫా గడప దాటబోతుంటే వెనక నుంచి ఫైవెల్ గారి గొంతు వచ్చింది. అది ఆయన గొంతులా లేదు.

“అమ్మాయ్, ఆగు. ఇవాళ కూడా వచ్చాడు.”

“ఎప్పుడు?”

“పన్నెండింటికి. డబ్బాలో చీటీ తీసెయ్యమన్నాడు. నేను మరిచిపోయాను. ఇంకో చీటీ ఇచ్చాడు. రేపు పొద్దున తను రాలేకపోవచ్చట, నన్నే చదవమన్నాడు. అక్షరాలకి కళ్ళద్దాలు కావాలి నాకు. విప్పి చూడలేదు. పుస్తకంలో పెట్టమన్నాడని పెట్టాను.”

పుస్తకంలో. డబ్బాలో కాదు.

ఆయన అలమర తీసి నల్ల అట్ట పుస్తకం తెచ్చారు. పేజీల మధ్య ఒకే మడత చీటీ, మూలన అదే నీలం. యాఫా విప్పింది. హర్పాజ్ ఆమె భుజం మీదుగా చూశాడు. చదవడం అతనికీ వచ్చింది ఈసారి.

‘గిటల్, మెనాహెం కూతురు.’

గడియారంలో మూడూ ఇరవై. రేపు పొద్దున చదవడానికి, ఇవాళ పన్నెండింటికి రాసిన చీటీ. రేపటికి ఆమె ఉండదని అతను పన్నెండింటికే నిర్ణయించుకున్నాడు. చేత్తో ఏమీ చెయ్యనక్కర్లేదు. ఒక తలుపు వేసుకుని ఇంటికి వెళ్ళి, దీపాల ముందు కూర్చుంటే చాలు. మిగిలింది చలి చూసుకుంటుంది.

హర్పాజ్ పరుగున జీపు దగ్గరికి వెళ్ళి వైర్‌లెస్ అందుకున్నాడు. లోయ పైనున్న కానిస్టేబుల్ గొంతు గరగరలాడుతూ వచ్చింది.

“ఎల్యాకిం గారా సార్? అందరినీ ఇళ్ళకి పంపించేశారు. మీరు సంతకం పెట్టేశారని చెప్పారు. యాయేలు గోరీ వెనక నేలలో తవ్విన పాత నీళ్ళ తొట్టి ఒకటి ఉందట. పిల్లలు పడతారని దాని మీద రాతి మూత వేసి, మంచి సబ్బాతు చేసుకోండి అని వెళ్ళారు. పావుగంటయింది.”

“మూత ఎంతమంది ఎత్తాలి?”

“వెయ్యడానికి గడ్డపార పెట్టి ఒక్కరే తోశారట సార్. తియ్యడానికి ఆరుగురైనా కావాలి.”

యాఫా అప్పటికే వీధిలో ఉంది. తెల్ల చొక్కాలు వేసుకుని, తడి జుట్లతో, నలభైమందీ తమ తమ ఇళ్ళల్లో దీపాల దగ్గర నిలబడి ఉంటారు. మొదటి తలుపు తట్టింది. రెండో తలుపు తట్టింది. ప్రాణం ఉంది, ప్రాణం ఉంది అని ఆమె అరుస్తుంటే మంచు ఆ మాటని మింగి, ఇంకెక్కడో దూరంగా ఇంకెవరో అన్నట్టు తిరిగి ఇస్తోంది. వెనకనుంచి ఫైవెల్ గారు నల్ల పుస్తకం చంకలో పెట్టుకుని, మందిరానికి తాళం కూడా వెయ్యకుండా, మెట్లమీద ఒక్కొక్క కాలే వేస్తూ వస్తున్నారు. మూడో తలుపు తెరుచుకుంది. నాలుగోది తెరుచుకుంది. యాయేలు గోరీ ఊరికి ఆ చివర, రెండు వందల మెట్లు కింద ఉంది.

ఆ మూత ఎత్తేసరికి కింద ఏముందో ఈ మాట చదివేవేళకి మీకు తెలియదు. తెలిసేదాకా ఆ పంతులమ్మను మరిచిపోకండి. ఆమె పేరు తలుచుకుంటే గిటల్, హిందా కూతురు అనే తలుచుకోండి. తండ్రి పేరు ఇప్పుడే వద్దు.